సొరుగులోని ఉత్తరాలు: డబ్బు చింతలో ఉన్న ఒక బ్రదర్‌కి నా జవాబు

వందనాలు బ్రదర్. ఉద్యోగం పోయి ఐదు నెలలైందని, అప్పుల వాయిదాలు మాత్రం ఆగడం లేదని రాశారు. రోజూ ప్రార్థన చేస్తున్నా రాత్రి రెండింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడుతోందన్నారు. చివర్లో "దేవుడు సమకూరుస్తాడని నిజంగా నమ్మేవాడికి ఇంత టెన్షన్ ఉంటుందా? నా విశ్వాసమే తక్కువా?" అని అడిగారు. ఆ రాత్రి రెండు గంటల మెలకువ నాకు బాగా తెలుసు. పదకొండు నెలలు అదే నా బతుకు. అందుకే రాస్తున్నాను.

ముందు విశ్వాసం తక్కువా అన్నదాని గురించి. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో "అల్పవిశ్వాసులారా" అని ప్రభువు అన్నది తిండి గురించీ బట్ట గురించీ దిగులుపడే వాళ్లతోనే. ఆయన దగ్గరకొచ్చి కూర్చున్న శిష్యుల్లో వలలు అక్కడికక్కడే వదిలేసి వెంట నడిచినవాళ్లు ఉన్నారు. వాళ్లకీ రేపటి దిగులు ఉంది. ఆ మాట అన్నాక ఆయన వాళ్లను ఇంటికి పంపేయలేదు, వెంటబెట్టుకునే తిరిగాడు. పౌలు కూడా ఏ స్థితిలో ఉన్నా సంతృప్తి కలిగి ఉండటం "నేర్చుకొని యున్నాను" అంటాడు, ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయంలో. అంత గొప్ప అపొస్తలుడు కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. మీరూ నేర్చుకుంటున్నారు. దడ రావడం అవిశ్వాసానికి రుజువు కాదు.

ఇక నా సంగతి. మా కంపెనీలో నేను పనిచేసే విభాగం మొత్తం ఎత్తేశారు. అప్పటికే నా మీద రెండు అప్పులున్నాయి. ఒకటి ఇంట్లో వైద్యానికి తీసుకున్నది. రెండోది స్నేహితుడికి హామీ సంతకం పెట్టినందుకు నా నెత్తిన పడింది. (హామీ సంతకం గురించి సామెతలు 6వ అధ్యాయంలో ఎంత గట్టిగా హెచ్చరించి ఉందో నాకు తెలుసు. తెలిసీ పెట్టాను.) మొదటి మూడు నెలలు దాచుకున్న డబ్బుతో నడిచింది. నాలుగో నెల నుంచి ఫోన్ మోగితే వణుకు. బల్ల మీద బోర్లా పెట్టేవాణ్ణి. నా భార్య "ఎవరండీ?" అంటే "ఏదో ప్రకటన కాల్‌లే" అనేవాణ్ణి. అప్పులవాళ్ల దగ్గర నుంచి వచ్చిన ఉత్తరాలు చింపకుండానే సొరుగులో వేసి, పైన పాత పేపర్లు కప్పేవాణ్ణి.

అదే చేతులతో ప్రార్థన కూడికలో బైబిల్ తెరిచి "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అని చదివేవాణ్ణి. లెక్కలు చూసుకోవడమంటే దేవుణ్ణి అనుమానించడమే అని నాకు నేను చెప్పుకున్నాను. చూడకపోవడాన్నే విశ్వాసం అనుకున్నాను. నా పెద్ద తప్పు అక్కడే జరిగింది, ఈ జవాబు రాయడానికి కారణం కూడా అదే.

ఒక రాత్రి పాప సర్టిఫికెట్ వెతుకుతూ నా భార్య ఆ సొరుగు లాగింది. తొమ్మిది కవర్లు. గట్టిగా ఏమీ అనలేదు. నేల మీద కూర్చుని, చిన్న కత్తెరతో ఒక్కొక్కటీ అంచు కత్తిరించి, లోపలి కాగితం తీసి, తేదీల వరసలో పరుచుకుంటూ పోయింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అన్నీ అయ్యాక తలెత్తి "ఇన్నాళ్లూ ఒక్కరే మోశారా?" అంది. నాకు నిలబడే శక్తి పోయింది. అక్కడే కూలబడి ఏడ్చాను. ఆమె నన్ను కాసేపు ఏడవనిచ్చి "ఇవి ఇలాగే ఉంచి ప్రార్థన చేద్దాం" అంది.

ఆ కాగితాల ముందు మోకాళ్లూనినప్పుడు నాకు యూదా రాజు హిజ్కియా గుర్తొచ్చాడు. రెండో రాజుల గ్రంథం 19వ అధ్యాయం. అష్షూరు రాజు బెదిరింపు ఉత్తరం పంపితే హిజ్కియా దాన్ని తీసుకుని చదివాడు, తర్వాత మందిరానికి వెళ్లి యెహోవా సన్నిధిలో విప్పి పరిచాడు. ముందు చదివాడు బ్రదర్. ఆ తర్వాతే పరిచాడు. ఎన్నోసార్లు విన్న కథే, కానీ ఆ చదవడం అనే మాట నాకు ఆ రాత్రే పట్టుకుంది. నేను చదవకుండా దాచిన ఉత్తరాన్ని దేవుని ముందు ఎలా పరుస్తాను? "ప్రభువా, నా ఆర్థిక భారం తీసివేయి" అని నెలల తరబడి చేసిన ప్రార్థనలో భారం ఎంతో నాకే తెలియదు. ఆ రాత్రి మొదటిసారి అంకెలతో ప్రార్థన చేశాను. ఫలానా తేదీకి ఇంత కట్టాలి తండ్రీ, మా దగ్గర ఇంతే ఉంది అని. సిగ్గేసింది. కానీ ఆ రాత్రి నిద్రపోయాను.

తర్వాత పాప పాత నోటుపుస్తకంలో మిగిలిన తెల్ల పేజీల మధ్య నా భార్య ఒక గీత గీసింది. ఎడమవైపు ఎవరికి ఎంత, ఎప్పటికి. కుడివైపు "ఇంట్లో ఏమున్నది" అని రాసింది. ఆ మాట ఆమెది కాదు, ఎలీషా ప్రవక్తది. అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడని మొరపెట్టిన విధవరాలిని ఆయన అడిగింది అదే: నీ యింటిలో ఏమి యున్నది? ఆమె దగ్గర ఉన్నది కాస్త నూనె. మా కుడివైపు పేజీలో ఒక పాత బండి, ఆమెకు వచ్చిన కుట్టుపని, నాకు తెలిసిన లెక్కలు రాసే పని, ఇవే పడ్డాయి. చూడటానికి ఏమీ లేనట్టే ఉంది. బండి అమ్మేశాం. నేను ఒక గోదాంలో సాయంత్రం పూట లెక్కలు రాయడానికి కుదిరాను. పాత జీతంలో మూడో వంతు.

ఆ నూనె కథలో ఇంకో సంగతి ఉంది. ఆ కాస్త నూనె ఎన్నో గిన్నెలు నింపింది, కానీ ఆ గిన్నెలు ఆమెవి కావు. వెళ్లి ఇరుగుపొరుగు అందరి దగ్గరా ఖాళీ పాత్రలు అడిగి తెమ్మన్నాడు ప్రవక్త. అంటే ఆమె గడప గడపకీ వెళ్లి నిలబడాల్సి వచ్చింది. నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే. మా సంఘంలో ఒక పెద్దాయన ఇంటికి వచ్చి కూర్చుని "ఎంత తమ్ముడూ?" అని నేరుగా అడిగారు. "ప్రార్థన చేయండి అన్నా, అంతే చాలు" అన్నాను. "ప్రార్థన చేశాకే వచ్చాను" అన్నారు. నేను అంకె చెప్పలేకపోతే నా భార్య నోటుపుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది. రెండు నెలల అద్దె ఆయన కట్టారు. పాప ఫీజు ఇంకో కుటుంబం కట్టింది. ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు.

"దేవుడు మీ ప్రతి అవసరమును తీర్చును" అన్న ఫిలిప్పీ 4:19 వాక్యం మనందరికీ కంఠతా వచ్చు. దాని పై వచనాలు కూడా చదవండి. చెరసాల బంధకాల్లో ఉన్న పౌలుకి ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు చేతికిచ్చి సహాయం పంపింది. అది అందుకున్నాక రాసిన కృతజ్ఞత మాటల్లో ఈ వాగ్దానం ఉంది. దేవుడు పౌలు అవసరం తీర్చింది ఒక మనిషి మోసుకొచ్చిన కానుకతో. ఆకాశం నుంచి పడాలని ఎదురుచూస్తూ, తలుపు దగ్గర నిలబడిన మనిషిని వద్దని పంపేయబోయాను నేను. దయచేసి మీరు ఆ పని చేయకండి.

అప్పటికి అంతా గాడిన పడిందనుకున్నాను. మూడు నెలలకే గోదాం పని ఆగిపోయింది. నిజం చెప్పాలంటే దేవుడి మీద కోపం వచ్చింది. నువ్వే ఇచ్చి నువ్వే తీసేస్తావా అని అడిగాను. ఆ రోజుల్లో ఏలీయా ప్రవక్త కథ దగ్గర చాలాకాలం ఆగిపోయాను. మొదటి రాజులు 17. కెరీతు వాగు దగ్గరకు వెళ్లమన్నది దేవుడే, కాకోలాల (కాకుల) చేత ఆహారం పంపించింది దేవుడే. అయినా ఆ వాగు ఎండిపోయింది. ఏలీయా తప్పేమీ చేయలేదు, దేశంలో వాన లేదు, అంతే. వాగు ఎండాకే సారెపతు అనే ఊరికి వెళ్లమనే మాట వచ్చింది. అక్కడ విధవరాలి ఇంట్లో తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె.

ఆ తొట్టి గురించి ఆలోచించండి. అది నిండిందని వాక్యం ఎక్కడా చెప్పదు. తక్కువ కాలేదు అంటుంది. ఆమె రోజూ పొద్దున్న మూత తీస్తే అడుగున కొంచెమే కనబడి ఉంటుంది అనిపిస్తుంది నాకు. నిన్న కూడా ఇంతే ఉంది, ఈ రోజూ ఉంది. రేపటికి నిల్వ కనబడదు. మనకేమో తొట్టి నిండాక నమ్మాలని ఉంటుంది. ఆ పదకొండు నెలల్లో మా బ్యాంకు ఖాతా ఒక్కసారీ నిండలేదు. కానీ ఇంట్లో ఎవరమూ పస్తు పడుకోలేదు, పాప చదువు ఒక్కరోజు ఆగలేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అనే ఉంది. నెలకు సరిపడా అని లేదు.

పోయినవి కూడా చెప్పాలి, లేకపోతే ఇది అబద్ధపు సాక్ష్యం అవుతుంది. ఇష్టపడి ఉంటున్న ఇల్లు ఖాళీ చేసి చిన్న ఇంటికి మారాం. హామీ తీసుకున్న స్నేహితుడితో మాటల్లేవు. అప్పులిచ్చినవాళ్లకు వాయిదా తేదీకి ముందే నేనే ఫోన్ చేసి పరిస్థితి చెప్పాను. ఒకరు గడువు పొడిగించారు. నెలకు కట్టేది తగ్గింది, మొత్తం మీద వడ్డీ పెరిగింది. ఇంకొకరు ససేమిరా అన్నారు. వడ్డీ ఎక్కువున్నది కూడా అదే కాబట్టి బండి డబ్బు దానికే కట్టాం. మీరూ తేదీ దాటకముందే మాట్లాడండి. దాటాక మాట్లాడటం చాలా కష్టం.

ఒక విషయంలో గట్టిగానే చెప్తాను. ఇలాంటి సమయంలో "విత్తనంగా ఇంత కానుక వేయండి, నూరంతలు వస్తుంది" అని ఎవరైనా అంటే, దానికోసం ఇంకో అప్పు చేయకండి. తన దగ్గర లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టి ఇచ్చిందే దేవునికి ఇష్టమని రెండో కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. మేము ఆ నెలల్లో కూడా కొంచెం ఇచ్చాం. భయంతోనో బేరంతోనో ఇవ్వలేదు, ప్రేమతో ఇచ్చాం.

జార్జి ముల్లర్ పేరు మీరు వినే ఉంటారు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1836లో అనాథ పిల్లల కోసం ఇల్లు తెరిచి, 1898లో చనిపోయేలోపు పదివేల మందికి పైగా పిల్లల్ని సాకారు. డబ్బు కావాలని మనుషుల్ని అడగకుండా ప్రార్థన మీదే ఆధారపడ్డారని ఆయన గురించి అందరూ చెప్తారు. ఆయన వచ్చిన ప్రతి కానుకకూ లెక్క రాశారు, ఏటా నివేదికలు అచ్చువేశారు, అప్పు చేయకూడదని నిశ్చయించుకున్నారు. ప్రార్థన చేసిన చేతులతోనే లెక్కలూ రాశారు. ఇది మాత్రం తక్కువమంది చెప్తారు.

ఇక రాత్రి రెండు గంటల సంగతి. మెలకువ వస్తే మంచం మీద దొర్లకుండా లేచి, నోటుపుస్తకంలో ఆ భయాన్ని, దాని పక్కన అది నిజంగా వచ్చే తేదీని రాసేవాణ్ణి. ఐదో తారీకు వాయిదా అయితే ఐదు అని. ఈ రోజు దానికి చేయగలిగిన పని ఉంటే అదీ ఒక్కటే. తర్వాత మొదటి పేతురు 5:7 పైకి చదివేవాణ్ణి. ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి. మన తెలుగు బైబిల్‌లో మన చింతకీ ఆయన చింతకీ ఒకటే మాట పడింది, చూశారా? ఈ వేళప్పుడు నా గురించి మేలుకుని చింతించేవాడు ఒకడున్నాడు, ఇద్దరం మేలుకోనక్కర్లేదు అనుకుని దీపం ఆర్పేవాణ్ణి. కొన్ని రాత్రులు నిద్ర పట్టేది, కొన్ని రాత్రులు పట్టేది కాదు. వారాల తరబడి పట్టకపోతే డాక్టరుకి చూపించుకోండి, అది విశ్వాసానికి విరుద్ధం కాదు. చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, దయచేసి అదే రోజు మీ మనిషికి ఎవరికైనా చెప్పండి. ఒంటరిగా ఉండకండి.

పన్నెండో నెలలో నాకు మళ్లీ ఉద్యోగం వచ్చింది, పాతదానికంటే తక్కువ జీతానికి. ఒక అప్పు తీరింది. రెండోది ఇంకా పద్నాలుగు వాయిదాలు. ప్రతి నెలా జీతం పడిన రాత్రి పాప పడుకున్నాక మేమిద్దరం అదే నోటుపుస్తకం, వచ్చిన కాగితాలు నేల మీద పరుచుకుని కూర్చుంటాం. ముందు చదువుతాం, తర్వాత ప్రార్థన చేస్తాం.

మీ ప్రశ్నలో మీ ఇంట్లోవాళ్ల మాట ఎక్కడా లేదు. మీ అప్పులు ఎంతో వాళ్లకు తెలుసా? తెలియకపోతే ఈ రాత్రే చెప్పండి బ్రదర్. చెప్పాక ఇక్కడ ఒక్క ముక్క రాయండి. ఈలోపు నా భార్యా నేనూ మీకోసం ప్రార్థన చేస్తూ ఉంటాం.