పాఠకుల ప్రశ్నలు: కరువు, కాలువ, బుడమేరు

ప్రశ్న: పెద్దవాళ్ల నోట ‘డొక్కల కరువు’ అనే మాట వింటుంటాం. అదెప్పటిది? బెజవాడ ఆనకట్టకూ దానికీ సంబంధం ఉందా?
(ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: 1832–33 నాటిది. నందన నామ సంవత్సరంలో పడింది కాబట్టి నందన కరువనీ అంటారు. గుంటూరు జిల్లాలో అప్పుడున్న అయిదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షలమంది పోయారని అంచనాలు. పక్కనే కృష్ణ పారుతోంది, కానీ ఆ నీటిని పొలాల ఎత్తుకు లేపే ఏర్పాటు లేదు. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య నది ఇరుకైన చోట 1852లో మొదలెట్టి 1855కి ఆనకట్ట ముగించారు. కరువుకూ కట్టకూ మధ్య ఇరవై ఏళ్లు గడిచాయి. కుంఫిణీని (ఈస్టిండియా కంపెనీని) కదిలించింది జనం ఆకలి ఒక్కటే కాదు, రాని శిస్తు కూడా. 1952లో ఆ కట్ట తెగాక కట్టిందే ఇప్పటి ప్రకాశం బ్యారేజీ (1957).

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఊరిని ముంచింది మాత్రం బుడమేరు. అంత చిన్న వాగు ఎలా ముంచింది?
(ఒక పాఠకురాలు, సింగ్‌నగర్, విజయవాడ)

జవాబు: సాగునీటి కాలువ మెరక మీద నడుస్తుంది, వాగు పల్లంలో నడుస్తుంది. రెండు పక్కల పొలాలకూ నీళ్లు దిగాలంటే కాలువను ఎత్తున తవ్వక తప్పదు. అందుకని మైలవరం వైపు కొండల నుంచి కొల్లేటికి వెళ్లే బుడమేరుకు ఏలూరు, రైవస్ కాలువల గట్లు అడ్డంపడ్డాయి. ఏనికేపాడు దగ్గర అది కాలువల కింద సొరంగాల్లోంచి దూరి వెళ్లాలి. సొరంగం ఎంత మింగితే అంతే, మిగిలింది వెనక్కి ఎదురు తంతుంది.

ఈ బాధ తప్పించడానికే వెలగలేరు దగ్గర నుంచి వరదను కృష్ణలోకి మళ్లించే కాలువ తవ్వారు. ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ నిండుగా ఉంటే అందులో నీరు దిగదు. 2024లో రెండూ ఒకేసారి పొంగాయి, మళ్లింపు కాలువ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. దిగువన కొల్లేరు కూడా చేపల చెరువుల గట్లతో ఇరుకైపోయింది. సముద్రానికి దానికున్న దారి ఒక్క ఉప్పుటేరే. అందుకే వచ్చిన నీరు రోజుల తరబడి తీయలేదు.

ప్రశ్న: ఊరి శివార్లలో స్థలం కొనాలనుకుంటున్నాం. అది పాత వాగో, చెరువో పూడ్చిన చోటు కాదని ఎలా తెలుసుకోవాలి?
(ఒక పాఠకుడు, నున్న)

జవాబు: బ్రోచర్లోని ప్లాటు నంబరుతో పని జరగదు. లింకు దస్తావేజుల్లోంచి (ఈ స్థలం ఇంతకుముందు చేతులు మారిన పాత పత్రాల్లోంచి) సర్వే నంబరు తీయండి. అది 112/2ఎ లాగా ఉంటే మూల నంబరు 112ను చూడాలి. రీసర్వే జరిగిన ఊళ్లలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు చెబుతారు, దానికి పాత సర్వే నంబరు అడగండి. తహసీల్దారు ఆఫీసులో మూడు చూడాలి: గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటం), ఆర్‌ఎస్‌ఆర్ (ఏ నంబరు ఎలాంటి భూమో రాసిన పాత రిజిస్టరు). అడంగల్ (సాగు వివరాల పుస్తకం) ఒక్కటే చాలదు, అది మారుతూ వస్తుంది. పాత ఆర్‌ఎస్‌ఆర్‌లో ‘వాగు పోరంబోకు’, ‘చెరువు’ అని రాసి ఉంటే ఆ మాట అక్కడే ఉంటుంది. మీ నంబరుతోపాటు నాలుగు దిక్కులా ఆనుకున్న నంబర్లూ చూడండి. చాలామంది ఇక్కడే తప్పుతారు.

పాత ఎఫ్‌ఎంబీలో కొలతలు లింకుల్లో ఉంటాయి. వంద లింకులంటే 66 అడుగులు. కాగితం మీద 150 లింకుల వెడల్పున్న వాగంటే 99 అడుగులు. అక్కడికి వెళ్తే ఇరవై అడుగుల మురుక్కాలువే కనిపిస్తే, మిగతా 79 అడుగుల మీద ఎవరి గోడలున్నాయో చూసుకోండి.

తర్వాత మట్టి. మెరక తోలిన మట్టి కింద దాకా, అయిదారడుగుల గొయ్యి తీయించండి. నల్లమట్టి మధ్య సన్న ఇసుక పొరో, నత్తగుల్లలో తగిలితే నీరు నిలిచిన, పారిన చోటని అర్థం.

చివరగా ఎత్తు. 2024 నీటి మరక దగ్గర్లోని గోడ మీద ఇంకా ఉంటే, తాపీమేస్త్రీ వాడే లెవెల్ పైపుతో ఆ మరకను మీ స్థలంలో పాతిన కర్ర మీదికి తెచ్చుకోవచ్చు. లోపలి నీరు కనిపించే పది, పన్నెండు మిల్లీమీటర్ల తెల్ల గొట్టం చాలు. ఎత్తున పెట్టిన బకెట్లోంచి నెమ్మదిగా నీరు లాగి నింపండి. మధ్యలో ఒక్క బుడగ చిక్కినా లెక్క తప్పుతుంది, పైపును ఎండకు ఎత్తి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూడండి. ఒక కొనను మరక దగ్గర, రెండోదాన్ని కర్ర దగ్గర పట్టాలి. మరక దగ్గరివారు నీటి అంచు సరిగ్గా మరకకు తగిలేలా కొనను ఎత్తుతూ దించుతూ ఉంటే, కర్ర దగ్గరివారు నీరు నిలిచిన చోట గీత పెట్టాలి. మీ గచ్చు ఆ గీతకంటే ఎత్తున ఉండాలి. పైపు పొడవు చాలకపోతే మధ్యలో ఇంకో కర్ర పాతి, అక్కడి గీత నుంచి మళ్లీ మొదలెట్టండి. ఎంతసేపు చూసినా నీరు కదలడం లేదా? ఎవరి బొటనవేలో గొట్టం మూతి మీద ఉంది, తీయమనండి.