పిల్లల మనసు మీద పిల్లలే రీసెర్చ్ చెయ్యొచ్చా?

ప్రశ్న: మేడమ్, నేను గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో బయాలజీ చెప్తాను. సైన్స్ ఫెయిర్‌కి మా తొమ్మిదో క్లాసు పిల్లలు మెంటల్ హెల్త్ మీద సర్వే చేస్తామంటున్నారు. ఒకమ్మాయి పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ పేపర్ ఫోన్లో వెతికి తెచ్చి అందరికీ పంచుదాం టీచర్ అంటోంది. హెడ్మాస్టారేమో ఇలాంటివి పిల్లల బుర్రల్లోకి ఎక్కించొద్దంటున్నారు. ఏం చెయ్యమంటారు?
- ఒక టీచర్, గుంటూరు జిల్లా

జవాబు: ప్రాజెక్ట్ చేయించండి టీచర్ గారూ, ఆ పేపర్ మాత్రం పంచొద్దు.

అందులో 9 ప్రశ్నలుంటాయి, గడిచిన రెండు వారాలు ఎలా ఉన్నావని అడుగుతారు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27 మార్కులు, చూస్తే క్విజ్‌లా ఉంటది. కానీ తొమ్మిదోది చచ్చిపోతే బాగుండనిపించిందా అన్న ప్రశ్న. పేరు రాయని కాగితం మీద ఒక పిల్లాడు దానికి టిక్ పెట్టాడనుకోండి, కాగితం మీ చేతిలో ఉంటది, పిల్లాడెవరో తెలీదు, ఆ రాత్రి మీకు నిద్ర పడుతుందా? పేర్లు రాయిస్తే పక్క బెంచీవాడు తొంగి చూస్తాడు. పైగా డాక్టర్లు కూడా స్కోరొక్కటే చూసి జబ్బని తేల్చరు, కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఇదే మొదటి పాఠంగా చెప్పండి. దేశంలో వైద్య పరిశోధనలు చూసే ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్ ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల మీద స్టడీ చెయ్యాలంటే స్టడీలో ఎవరికీ హాని జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, అమ్మానాన్నలు ఒప్పుకోవాలి, ఏడేళ్లు దాటితే ఆ పిల్లల ఇష్టం కూడా అడగాలి. మన పిల్లల్ని నీకిష్టమేనా అని అడిగేవాళ్లు ఎంతమందండీ, అందుకే ఈ మాట వాళ్లకి బాగా పడుతుంది.

ఇక ప్రాజెక్ట్. విజయవాడలో ఒక స్కూల్లో నేను పిల్లల్ని ఇంట్లో మనసు బాలేనప్పుడు వాడే మాటలు రాసుకు రమ్మన్నా, దిగులు, గుబులు, బెంగ, ఏం తోచట్లేదు, మనసు మనసులో లేదు, ఇలా బోర్డు నిండిపోయింది. బెంగకీ దిగులుకీ తేడా ఏంటంటే ఒకబ్బాయి లేచి, మా అన్నని ఇంటర్‌కి హాస్టల్లో వేస్తే బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకున్నాడు, దిగులైతే ఇంట్లో ఉన్నా వస్తది అన్నాడు. ఆ తేడా పట్టుకోవడమే రీసెర్చ్ అండీ! తర్వాత నిద్ర గురించి ఇంగ్లీషు ప్రశ్న ఒకటిచ్చి ఒక టీముతో తెలుగులో రాయించండి, అసలుది చూడని ఇంకో టీముతో మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించండి, రెండూ పక్కపక్కన పెడితే అర్థం ఎక్కడ జారిందో వాళ్లే చూస్తారు. పెద్ద స్టడీల్లోనూ ప్రశ్నాపత్రాల్ని ఇలాగే సరిచూస్తారు.

అంకెలు కావాలంటే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ల 2015-16 జాతీయ సర్వే ఉంది, 13-17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ సర్వే చేసిన రాష్ట్రాల్లో మన ఆంధ్ర లేదు, మరి ఆ అంకె మన గుంటూరుకి సరిపోతుందా అని వాళ్లనే వాదించుకోనివ్వండి.

హెడ్మాస్టారికి ఒక్కటి చెప్పండి, మానసిక జబ్బుల్లో సగం 14 ఏళ్లలోపే మొదలవుతాయని 2005లో అమెరికాలో వచ్చిన పెద్ద స్టడీ చెప్పింది, అంటే మీ తొమ్మిదో క్లాసు వయసే. మొదలుపెట్టే ముందు మనసు బాలేనివాళ్లు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 బోర్డు మీద రాయించండి, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇంకోటి, ఆ పేపర్ వెతికి తెచ్చిన అమ్మాయి ఉంది కదా, ప్రాజెక్ట్ సంగతి తర్వాత, ముందు ఆ పిల్లని విడిగా కూర్చోబెట్టుకుని ఎందుకు వెతికావమ్మా అని మెల్లగా అడగండి.