ఎర్ర కండువా ఎవరికి ముందు?

ప్రశ్న: మా తమ్ముడు చైనాలో మెడిసిన్ చదువుతున్నాడు. వాడు పంపిన ఫోటోల్లో బడిపిల్లలు చాలామంది మెడలో ఎర్ర కండువా కట్టుకుని ఉన్నారు. అది మన స్కూల్ టై లాంటిదేనా మేడమ్?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చూడ్డానికి అలాగే ఉంటుందమ్మా. కానీ టై మనం డబ్బులిచ్చి కొనుక్కుంటాం, ఆ కండువా కట్టించుకోవాలంటే ప్రమాణం చేయాలి. 1949 అక్టోబర్ 13న పెట్టిన యంగ్ పయనీర్స్ అనే బాలల దళం గుర్తు అది. పార్టీ తరఫున దాన్ని నడిపేది కమ్యూనిస్టు యువజన సంఘం. కండువా అంటే ఎర్రజెండాలో ఒక మూల అనీ, ఆ ఎరుపు అమరవీరుల రక్తమనీ ఆరేడేళ్ల పిల్లలకు నేర్పుతారు.

మావారి ఉద్యోగం వల్ల నాన్‌జింగ్‌లో ఉన్నప్పుడు, పక్కింటి పాప దళంలో చేరుతుంటే వాళ్లమ్మతో నేనూ బడికి వెళ్లాను. పెద్ద తరగతుల పిల్లలు వరసగా వచ్చి, చిన్నవాళ్ల కాలర్ పైకెత్తి, కండువా చుట్టి, ముడి బిగించి, కాలర్ దించి సెల్యూట్ చేశారు. అరచేయి తలకంటే పైకి లేపుతారు. ప్రజల మేలు అన్నిటికంటే పైన అని దానర్థం. తర్వాత పిడికిలి ఎత్తి పార్టీని, దేశాన్ని, ప్రజలను ప్రేమిస్తామని ప్రమాణం. పాప ముఖం వెలిగిపోయింది. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

నా బాధంతా ఇంకా కండువా రాని పిల్లల గురించే. ఈమధ్య అందరికీ ఒకేసారి ఇవ్వడం లేదు. మంచి పిల్లలనిపించుకున్న వాళ్లకు ముందు, మిగతావాళ్లకు తర్వాతి విడతల్లో. 2011లో షీఆన్‌లో ఒక ప్రైమరీ బడి అయితే, చదువులోనూ నడవడికలోనూ వెనకబడ్డారని కొందరు ఒకటో తరగతి పిల్లలకు ఆకుపచ్చ కండువాలు కట్టింది. చైనా జనమే మండిపడ్డారు, బడి ఆ పద్ధతి మానుకుంది. పక్క బెంచీ పిల్ల మెడ చూసి 'నాకెందుకు లేదు' అని ఏడ్చే వయసులో పిల్లలను ఇలా వేరుచేయడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. పాఠ్యపుస్తకం కంటే గట్టిగా నాటుకునే పాఠం అదే.

కండువా వచ్చాక చేతి గుర్తుల టెన్షన్. తెల్లటి గుర్తు మీద ఎర్ర గీతలుంటాయి. చిన్న జట్టు లీడర్‌కి ఒకటి, క్లాసు స్థాయికి రెండు, బడి స్థాయికి మూడు. పద్నాలుగేళ్లు నిండితే దళం నుంచి బయటికి వచ్చేస్తారు. ఆపై మెట్టు యువజన సంఘం. అందులో అందరినీ తీసుకోరు, మళ్లీ ఎంపికే.