కారు టాప్‌కు రంధ్రం పడి 22 నెలలైందా? ఇంకా ఎదురుచూస్తున్నారా?

ప్రశ్న: నాన్నగారి 1968 అంబాసిడర్‌లో డిజిటల్ రేడియో పెట్టించాను. టాప్ ముట్టుకోవద్దని వాయిస్ మెసేజ్ పెట్టినా మెకానిక్ దానికే రంధ్రం చేసి షార్క్ ఫిన్ (సొరచేప రెక్క ఆకారపు) యాంటెన్నా బిగించాడు. 22 నెలలుగా "సరిచేస్తా" అంటూ తిప్పించుకుంటున్నాడు. వింటేజ్ రిజిస్ట్రేషన్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: నాన్నగారి జ్ఞాపకాల గురించి మీరు రాసిన మూడు పేజీలూ చదివాను. కానీ మీ కేసును తేల్చేది ఒక్కటే, రంధ్రానికి మీరు ఒప్పుకున్నారా లేదా. చేయాల్సిన పనులు రాసిన జాబ్ కార్డు మీద 'యాంటెన్నా ఫిట్టింగ్' అని ఉంది, కింద మీ సంతకమూ ఉంది, అది చూపించి మీరు సరేనన్నాకే చేశానంటాడు మెకానిక్. దానికి మీ దగ్గరున్న జవాబు ఆ వాయిస్ మెసేజే. అదున్న ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశారట! ఇంత అజాగ్రత్త అయితే ఎలాగండీ? కొత్త ఫోన్‌లోకి బ్యాకప్ వచ్చిందేమో ఈరోజే చూడండి. దొరికితే ఆ చాట్‌లో ఒక్క మెసేజ్ కూడా డిలీట్ చేయకండి. దాన్ని వినియోగదారుల కమిషన్ ముందు పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) జతచేయండి.

ఇక ఫిర్యాదు వేయడానికి గడువు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లే. బండి చేతికొచ్చిన రోజే రంధ్రం కంటికి కనిపించింది కాబట్టి లెక్క ఆ రోజు నుంచే. అతను ఫోన్లో "వచ్చే వారం" అన్నంత మాత్రాన గడువు పెరగదు, మీరు లీగల్ నోటీసు ఇచ్చినా ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ తగిన కారణం చూపాలి, మొహమాటపడ్డానంటే కుదరదు.

పార్కింగ్‌లో ఎవరో పాడుచేశారని ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయమన్నాడట మీ స్నేహితుడు. ఆ పని మాత్రం వద్దు. ఇప్పుడు మీరు బాధితులు, ఆ ఫారం మీద సంతకం పెడితే మోసం కేసులో నిందితులవుతారు. ఒకే రంధ్రానికి రెండు కథలు చెప్పినవాళ్లను కమిషన్ కూడా నమ్మదు.

రిజిస్ట్రేషన్ గురించి అంత భయం అక్కర్లేదు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు చూసేది 50 ఏళ్ల వయసును, ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లో జరిగిన పెద్ద మార్పులను. ఏరియల్ రంధ్రం ఆ కోవలోకి రాదని నా అభిప్రాయం.

వెల్డింగ్, పెయింటింగ్ ఇప్పుడే చేయించకండి, సాక్ష్యం పోతుంది. లోపలి సీలింగ్ క్లాత్ దించి, రంధ్రం పక్కన స్కేలు పెట్టి, పెచ్చులు లేచిన పెయింటూ చుట్టూ పట్టిన తుప్పూ కనిపించేలా ఫొటోలు తీయండి. ఆకాశవాణి మీడియం వేవ్ డిజిటల్ ప్రసారాలు వచ్చేది పాత ఏఎం బ్యాండ్‌లోనే కాబట్టి, మడ్‌గార్డ్ మీదున్న మీ పాత ఏరియలే సరిపోయేదేమో వేరే టెక్నీషియన్‌తో పరీక్ష చేయించి రాతపూర్వకంగా తీసుకోండి. సరిపోయేదని తేలితే అసలు ఆ రంధ్రమే అనవసరమని వాదించొచ్చు. మెకానిక్‌కు స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు పంపండి. జవాబు వచ్చినా రాకపోయినా, మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రిపేరు ఖర్చు, కట్టిన బిల్లు, పరిహారం అడుగుతూ ఫిర్యాదు వేయండి. ఆ పనికి మీరు చెల్లించింది 5 లక్షల లోపే అయితే ఫీజు కూడా ఉండదు. మీ చేతిలో ఉన్నది రెండు నెలలే.