తోడేలు జాతికి పెరుగన్నం ఎలా అరుగుతోంది?

ప్రశ్న: మేం చేరదీసిన వీధికుక్క పెరుగన్నం పెడితే గిన్నె నాకి మరీ తింటుంది. కుక్కలు తోడేళ్ల నుంచి వచ్చాయంటారు కదా, మాంసం తినే జాతికి అన్నం ఎలా అరుగుతుంది? ఇంతకీ తోడేలును మొదట మచ్చిక చేసుకున్నది ఎవరు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: భేషుగ్గా అరుగుతుందండీ. అన్నంలోని పిండిపదార్థం అరగాలంటే అమైలేజ్ అనే ఎంజైమ్ కావాలి. 2013లో స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీ వాళ్లు కుక్కల జన్యువుల్నీ తోడేళ్ల జన్యువుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, క్లోమంలో ఈ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు తోడేళ్లలో 2 కాపీలే కనిపించింది, కుక్కల్లో మాత్రం 4 నుంచి 30 దాకా ఉన్నాయి. మనం పంటలు పండించి గంజీ రొట్టే తినడం మొదలుపెట్టాక, మన ఎంగిలి మెతుకులు అరిగించుకోగలిగిన కుక్కలు బాగా బతికి పిల్లల్ని పెట్టాయన్నమాట. వ్యవసాయమే లేని మంచు ప్రాంతాల హస్కీలకు, ఆస్ట్రేలియా అడవికుక్కలైన డింగోలకు ఈ కాపీలు తక్కువే. తమాషా ఏంటంటే, పిండిపదార్థం ఎక్కువ తినే మనుషులకూ లాలాజలంలోని అమైలేజ్ జన్యువు కాపీలు ఎక్కువుంటాయి.

అయితే అన్నం కంటే కుక్కే ముందు. జర్మనీలో బాన్ దగ్గర ఒబెర్‌కాసెల్‌లో 1914లో ఒక సమాధి బయటపడింది. దాదాపు 14,000 ఏళ్ల నాటిది, అంటే అప్పటికింకా నాగలీ లేదు పొలమూ లేదు. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతోపాటు ఏడు నెలల కుక్కపిల్ల. దాని పళ్లను చూసినవాళ్లు దానికి డిస్టెంపర్ అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు వచ్చిందని, ఎవరో దగ్గరుండి చూసుకోకపోతే ఆ జబ్బుతో వారాల తరబడి బతికేది కాదని అంటున్నారు. అంత జబ్బులో అది వేటకూ పనికిరాదు, కాపలాకూ పనికిరాదు. అయినా చూసుకున్నారు!

ఇక ఎవరు మచ్చిక చేశారంటారా, ఒక్కరి పేరు చెప్పలేం, ఎందుకంటే ఎంత ముద్దుగా పెంచినా తోడేలుకు పుట్టేది తోడేలే; అది కుక్కగా మారాలంటే ఎన్నో తరాలు పడుతుంది. వేటగాళ్లు తోడేలు పిల్లల్ని తెచ్చి, సాధువైనవాటినే తరతరాలుగా ఉంచుకున్నారని కొందరి వాదన. మనిషంటే భయం తక్కువున్న తోడేళ్లు ఎముకల కోసం తమంతట తామే విడిదుల చుట్టూ చేరాయని ఇంకొందరిది. మీ వీధికుక్క మీ గడపలోకి వచ్చిన తీరు గుర్తుచేసుకుంటే నాకు రెండోదే నమ్మాలనిపిస్తుంది.

అన్నట్టు, పెరుగన్నంలో మీరు నంజుకునే ఉల్లిపాయ ముక్క మాత్రం దానికి వేయకండి, కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది.