కమ్యూనిటీ రేడియో వల్ల చుట్టుపక్కలవాళ్లకు ఒరిగేదేమిటి?

"చేతిలో యూట్యూబ్, వాట్సాప్ ఉండగా స్వచ్ఛంద సంస్థలు నడిపే కమ్యూనిటీ రేడియోల వల్ల ఎవరికి ఉపయోగం?" అని అడిగారు. బెంగళూరులో మా ఇంటికి దగ్గర్లోనే అలాంటి కేంద్రం ఒకటి ఉంది. పిల్లలు స్కూలుకెళ్లాక మధ్యాహ్నాలు అక్కడికి వెళ్లి రికార్డింగులకు సాయం చేస్తుంటాను. ఉపయోగం తప్పకుండా ఉంది. అదీ వినేవాళ్లకన్నా అక్కడికొచ్చి మాట్లాడేవాళ్లకే ఎక్కువ.

మా వీధికి చెత్త ఆటోతో వచ్చే పౌరకార్మికురాలు ఒకావిడ ఉంది. సొంతూరు హిందూపురం పక్కన. ఈ పనిలో ఉన్నవాళ్లలో తెలుగువాళ్లు ఎంతమందో బెంగళూరులో ఉండేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఒకరోజు ఆవిడ చేతికి గుడ్డ కట్టుకుని కనిపించింది. ఎవరో పగిలిన గ్లాసు ముక్కలు తడి చెత్తలో పడేశారట. వేరుచేస్తుంటే చూపుడువేలు తెగింది. "ఈ మాట నువ్వే మైకులో చెప్పక్కా" అన్నాను. "నాకేం మాటలొస్తాయి మేడమ్" అంటూనే వచ్చింది.

స్టూడియో అంటే చిన్న గది. గోడలకు స్పాంజి, కిటికీకి మందపాటి దుప్పటి. ఫ్యాను ఆపకపోతే దాని హోరంతా రికార్డులోకి వచ్చేస్తుంది కాబట్టి కాసేపటికే అందరికీ చెమటలు. ఆవిడేమో చేతులు తిప్పుతూ మాట్లాడే మనిషి, తిప్పినప్పుడల్లా గాజులు గలగలమంటున్నాయి. తీసి పక్కన పెట్టమంది మైకు పట్టుకున్న అమ్మాయి. తీయనంది. పైటకొంగును ముంజేతికి గట్టిగా చుట్టి గాజుల్ని బిగించేసి, "ఇప్పుడు పెట్టండి" అంది. హెడ్‌ఫోన్లో తన గొంతు తనకే వినబడేసరికి ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత ఇక ఆగలేదు.

"గాజు పగిలితే పేపర్లో చుట్టి మా చేతికియ్యండి. ఏ ఇంటి చెత్తలో ఏముంటాదో నాకు తెలుసు. ఎవరింట్లో మందు సీసాలుంటాయో, ఎవరు వండిన అన్నం వండినట్టే పారేస్తారో అంతా తెలుసు. నేనెవరికీ చెప్పేది లేదు. మా చెయ్యి తెగకుండా మీరు చూసుకోండి, అంతే."

ఇక్కడ తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, శానిటరీ ప్యాడ్లు, డయపర్ల లాంటివాటికి ఎర్ర బుట్ట, పొడి చెత్తకు సంచి అని నియమం ఉంది. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పోస్టరు కూడా అంటించారు. ఎవరూ పట్టించుకోలేదు. వాట్సాప్ గ్రూపులో ఎన్నిసార్లు పెట్టినా ఆ మెసేజ్ గుడ్ మార్నింగుల కింద పడి పోయేది. ఆవిడ మాటలు ప్రసారమయ్యాక స్టేషనువాళ్లు ఒక స్పీకరు తెచ్చి, మా అసోసియేషన్ మీటింగులో, కింద పార్కింగులో అందరికీ వినిపించారు. "తెలుగు కదా, ఎవరికి అర్థమవుతుంది" అని ఒకాయన అడ్డం పడ్డాడు. కూర్చున్నవాళ్లలో సగం మంది తెలుగువాళ్లే! "ఏ ఇంటి చెత్తలో ఏముంటాదో" అనేచోటికి వచ్చేసరికి అందరూ తలలు దించుకున్నారు. ఆ తర్వాత మా బ్లాకులో గాజు ముక్కలు పేపర్లో చుట్టి ఆవిడ చేతికే ఇస్తున్నారు. దీనికి ఆ గొంతు తప్ప వేరే కారణం లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆవిణ్ణి యూట్యూబ్ ఛానల్ పెట్టుకోమంటే సరిపోయేదా? ఎవరు రికార్డు చేసేవారు, ఎవరు ఎడిట్ చేసేవారు? ఆ వీడియో మా వీధివాళ్ల ఫోన్లోకే ఎలా వచ్చేది? కమ్యూనిటీ రేడియోకు ఇచ్చేదే 100 వాట్ల ట్రాన్స్‌మిటర్. పది పదిహేను కిలోమీటర్లు దాటితే వినబడదు. కార్యక్రమాల్లో కనీసం సగం అక్కడివాళ్లతో అక్కడే తయారుచేయాలని నియమం. ఆ చిన్న పరిధే దాని బలం.

ఇక్కడికి దగ్గర్లోనే కోలారు జిల్లా బూదికోటలో 'నమ్మ ధ్వని' అని ఉండేది. అప్పట్లో ఊళ్లవాళ్లకు రేడియో లైసెన్సు ఇచ్చేవారు కాదు. అయినా ఊరుకోకుండా, తమ కార్యక్రమాల్ని కేబుల్ టీవీ తీగల మీదుగా ఇళ్లకు పంపారు. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లే నడిపారు. 2006లో విధానం మారాక స్వచ్ఛంద సంస్థలకూ లైసెన్సులు ఇవ్వడం మొదలైంది. మన జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు 2008లో సంగం రేడియో పెట్టారు. వాళ్ల యాసలోనే, వాళ్ల పంటల గురించే మాట్లాడతారు.

నాకు మండేది మాత్రం వార్తల విషయంలో. నీళ్లు ఎప్పుడొస్తాయి, కరెంటు ఎప్పుడు పోతుంది, ట్రాఫిక్ ఎక్కడ ఆగింది, ఇవి చెప్పొచ్చు. వార్డులో ఏం జరుగుతోందో సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలే ఉన్నవి ఉన్నట్టు వేయాలి. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. ప్రజల ఆస్తి అన్నాక ప్రజలు తమ వీధి వార్త చెప్పుకోకూడదా?

ఇంకొకటి డబ్బు. ప్రకటనల సమయాన్ని 2024లో గంటకు 12 నిమిషాలకు పెంచారు. మంచిదే. కానీ మా వీధి చివర కిరాణా కొట్టాయన ఎన్ని ప్రకటనలు ఇవ్వగలడు? ఏదో సంస్థ పోషకాహారం మీద కొన్ని నెలలు ప్రాజెక్టు ఇస్తుంది, అది అయిపోగానే జీతాలు ఆగిపోతాయి. నిధులిచ్చేవాళ్లు ముందు అడిగే ప్రశ్న "ఎంతమంది వింటారు?" అని. వచ్చి మాట్లాడినవాళ్లు ఎంతమంది అని ఒక్కరూ అడగరు. పైగా ఇప్పుడు చాలా ఫోన్లలో ఎఫ్‌ఎమ్ రేడియోనే తీసేశారు.

మీ ఇంటి దగ్గర ఇలాంటి కేంద్రం ఉంటే ఒకసారి లోపలికి వెళ్లండి. మైకు పట్టుకోవడం, ఎడిటింగ్ చేయడం మాకైతే ఉచితంగానే నేర్పారు. మా స్టేషన్లో కన్నడ, తమిళ కార్యక్రమాలు వారం వారం వస్తున్నాయి. తెలుగుకు ఒక అరగంట ఇస్తామని వాళ్లే అంటున్నారు, చేసేవాళ్లు లేక ఆగింది. మాట్లాడేవాళ్లను నేను తీసుకొస్తాను. ఎడిటింగ్ వచ్చినవాళ్లు ఇద్దరు దొరికితే వచ్చే నెల నుంచే మొదలుపెట్టొచ్చు. దక్షిణ బెంగళూరులో ఉండేవాళ్లెవరైనా ఉంటే కింద రాయండి.