సాగు సందేహాలు: టమోటా ముడతను నారుమడిలోనే ఆపాలి

ప్రశ్న: బోరు కింద 60 సెంట్లలో రసాయనాలు లేకుండా టమోటా వేస్తున్నాం. పోయిన పంటలో నాటిన మూడు వారాలకే ఆకులు ముడుచుకుని చెట్లు గిడసబారాయి. వారానికోసారి వేపనూనె కొట్టినా తగ్గలేదు. మళ్లీ నారు పోయబోతున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక రైతు, పలమనేరు

జవాబు: అది ఆకుముడత వైరస్. తెల్లదోమ రసం పీల్చేటప్పుడు ఎక్కిస్తుంది. చెట్టులోకి ఎక్కాక వేపనూనే కాదు, ఏ మందూ దాన్ని దించలేదు. మూడు వారాలకే చేనంతా కనిపించిందంటే నారులోనో, నాటిన తొలి రోజుల్లోనో అంటుకుని ఉంటుంది. కాబట్టి ఈసారి కష్టమంతా నారుమడి మీద పెట్టండి.

విత్తనం వేసిన రోజే నారు ట్రేలపై 40 మెష్ (అంగుళానికి 40 కంతలుండే) నైలాన్ వల కప్పి, అంచులు మట్టితో మూసేయండి. మామూలు దోమతెర పనికిరాదు, ఆ కంతల్లోంచి తెల్లదోమ దూరిపోతుంది. నీళ్లు వల పైనుంచే చల్లండి. నారు గట్టిపడాలని ఆఖరి నాలుగు రోజులు వల తీసేస్తుంటారు, పడిన శ్రమంతా అక్కడే పోతుంది. గట్టిపడాలంటే నీళ్లు తగ్గించండి, వల మాత్రం నాటే రోజు దాకా ఉండాలి. 25 రోజుల నారు నాటుకోవచ్చు.

నారు పోసిన రోజే చేను చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ మూడు వరుసలు ఒత్తుగా విత్తండి. నాటే సమయానికి అడ్డుగా లేచి ఉంటుంది. కాపు అయిపోయిన పాత టమోటా తోట పక్కన ఉంటే తెల్లదోమకు అదే పుట్టిల్లు. పక్కవాళ్లదైనా సరే, బతిమాలి ముందే పీకించండి.

నాటాక పసుపు జిగురు అట్టలు పది పెట్టండి, చెట్టు ఎదిగేకొద్దీ పైకి జరపాలి. 5 కిలోల వేపగింజల పొడిని 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 లీటర్లకు పెంచి, 200 గ్రాముల సబ్బు కలపండి. సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా కొట్టండి. దోమ ఉండేది అక్కడే.

మొదటి 45 రోజుల్లో ముడుచుకున్న మొక్క కనబడితే సంచి తొడిగి పీకి పూడ్చేయండి. ఊరికే లాగితే దోమ లేచి పక్క చెట్ల మీద వాలుతుంది. ఆ తర్వాత వచ్చిన ముడతకు దిగుబడి అంతగా పడిపోదు, చెట్టును ఉంచేయండి.

ప్రశ్న: టమోటా కాయ అడుగున నల్లగా కుళ్లుతోంది. కోడిగుడ్డు పెంకుల పొడి వేస్తే తగ్గుతుందా?
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: ఈ పంటకు అందదు, పెంకు కరగడానికి చాలా కాలం పడుతుంది. ఇది తెగులు కాదు. కాయ కొనకు సున్నం (కాల్షియం) చేరక వచ్చే లోపం. సున్నం నీళ్లతో పాటే కాయకు చేరాలి. మూడు రోజులు ఎండగట్టి ఒకేసారి ముంచెత్తితే సున్నం సరిగా అందదు. రోజూ కొద్దికొద్దిగా తడి ఇవ్వండి. మొదళ్లలో వేరుశనగ పొట్టు పరిస్తే తడి నిలుస్తుంది. పచ్చిపేడ వేయకండి. నల్లబడిన కాయలు తీసేస్తే చెట్టు బలం మిగతావాటికి పోతుంది.

ప్రశ్న: 60 సెంట్లకు జీవామృతం కొలత ఎంత? డ్రిప్పులో పంపితే రంధ్రాలు మూసుకుపోతున్నాయి.
– ఒక రైతు, కుప్పం

జవాబు: నీళ్లు 120 లీటర్లు, ఆవుపేడ 6 కిలోలు, మూత్రం 3 నుంచి 6 లీటర్లు, నల్లబెల్లం, ఉలవపిండి చెరో కిలోంబావు, గట్టు మట్టి గుప్పెడు. నీడలో 48 గంటలు, పూటకోసారి కలుపుతూ ఉంచి, వారంలోపు వాడేయండి. మూసుకుపోయేది పిండి, పేడ పీచుల వల్లే. కలపకుండా కాసేపు తేరనిచ్చి, పైతేటను రెండు మడతల గుడ్డలో వడకట్టి వదలండి. వెంటనే పావుగంట మంచినీళ్లు పంపి, పైపు చివరి మూతలు తీసి కడగండి. అడుగున మిగిలిన మడ్డిని మొదళ్లలో పోసుకోండి.